దీపం కంటే ముందు సమాధి: తాపీ ముఖద్వారంలో ఓడలకు దారి చూపిన గుర్తుల కథ

సూరత్: సూరత్ రేవుకు వచ్చే ఓడ ఎక్కడ లంగరు దింపాలో చెప్పడానికి రెండు వందల ఏళ్ళ కిందటి నౌకా మార్గదర్శిని ఒక సమాధిని ఆనవాలుగా చూపింది. ఈస్టిండియా కంపెనీలో సముద్ర పటాల బాధ్యత చూసిన జేమ్స్ హార్స్‌బర్గ్ 19వ శతాబ్దం తొలినాళ్ళలో సంకలనం చేసిన గ్రంథమది. దానిని చేతబట్టుకొని తాపీ నది ముఖద్వారాన్ని సమీపించిన నావికుడు దుర్భిణిలో వెదికింది కోట బురుజును కాదు, ఆలయ గోపురాన్నీ కాదు. నదికి ఉత్తరపు ఒడ్డున ఒంటరిగా నిలిచిన ‘వాక్స్ సమాధి’ని. అది ఏ దిక్కున కనబడుతోందో దిక్సూచితో సరిచూసుకొని, తాడు వదిలి నీటి లోతు కొలుచుకొని, ఆ తరువాతే లంగరు వేసేవాడు.

ఇప్పుడు అదే ఒడ్డున హజీరా పారిశ్రామిక వాడ ఉంది. ఉక్కు కర్మాగారం, ఎరువుల కర్మాగారం, సహజవాయువు శుద్ధి కేంద్రం, ద్రవీకృత వాయువును దించుకునే టెర్మినల్, లోతైన ఓడరేవు అన్నీ కొద్ది కిలోమీటర్ల దూరంలోనే కనిపిస్తాయి. దేశంలో గ్యాస్ పైప్‌లైన్ల గురించి చదివినవారికి హజీరా–విజయ్‌పుర్–జగదీశ్‌పుర్ అన్న పేరు పరిచితమే. ఆ పేరులో మొదటి మాట ఈ ఊరిదే. కానీ ఈ తీరం దేశ చరిత్రలోకి వచ్చింది గ్యాస్ వల్ల కాదు, ఇసుక వల్ల. ఓడలను ముంచిన ఇసుక, ఓడలను కాచిన ఇసుక, చివరకు రేవునే పూడ్చిన ఇసుక. ఇక్కడ దీపస్తంభం ఎందుకు అవసరమైందో, అంతకుముందు దాని పనిని సమాధులు ఎలా చేశాయో అర్థం కావాలంటే ముందు ఆ ఇసుకను అర్థం చేసుకోవాలి.

తపతి తెచ్చిన మేట

తాపీ అంటే మన తపతియే. సూర్యుని కూతురిగా, సంవరణుని భార్యగా, కురువంశానికి మూలమాతగా ఆదిపర్వం ద్వారా తెలుగు పాఠకులకు ఆమె చిరపరిచిత. 16వ శతాబ్దంలో అద్దంకి గంగాధరకవి ఆ కథను ప్రబంధంగా రచించి గోల్కొండ పాలకుడు ఇబ్రహీం కుతుబ్ షాకు అంకితమిచ్చాడు. కొన్ని దశాబ్దాలకు గోల్కొండ వజ్రాలు బండ్ల మీద, ఎద్దుల మీద చేరుకున్న రేవుల్లో ఒకటి అదే తపతి ఒడ్డున ఉన్న సూరత్ కావడం కేవలం కాకతాళీయం. అయినా చెప్పుకోదగ్గ కాకతాళీయమే.

మధ్యప్రదేశ్‌లోని బేతుల్ జిల్లా ముల్తాయి వద్ద పుట్టే ఈ నది 724 కిలోమీటర్లు ప్రవహించి ఖంభాత్ సింధుశాఖలో కలుస్తుంది. దారి పొడవునా నల్లరేగడి నేలల మట్టిని మోసుకొస్తుంది. ముఖద్వారానికి దక్షిణాన ఉన్న డూమస్ తీరంలో ఇసుక నల్లగా కనబడుతుంది. సూరత్ వాసులకు అది సెలవురోజు విడిది. లింబాయత్ వంటి ప్రాంతాల్లో స్థిరపడి మగ్గాల మీద జీవించే తెలుగు పద్మశాలీ కుటుంబాలకూ ఆ తీరం తెలిసినదే.

నది తెచ్చిన మట్టికి సింధుశాఖ ఆటుపోట్లు తోడవుతాయి. ఖంభాత్ సింధుశాఖ ఆకృతి గరాటు వంటిది. విశాలమైన నోటితో లోపలికి వచ్చిన పోటు నీరు ఉత్తరానికి పోయేకొద్దీ ఇరుకై ఎత్తు పెరుగుతుంది. అవతలి ఒడ్డున భావ్‌నగర్ వద్ద పెద్ద పోటుకూ ఆటుకూ మధ్య నీటిమట్టంలో తేడా 10 మీటర్లు దాటుతుంది. విశాఖపట్నంలో ఆ తేడా రెండు మీటర్ల లోపే. బంగాళాఖాతం చూసి పెరిగినవారికి ఈ సముద్రం విచిత్రంగా తోచడానికి కారణమిదే. ఉదయం పడవ తేలిన చోట మధ్యాహ్నానికి బురద నేల బయటపడుతుంది. ఉద్ధృతమైన ప్రవాహాలు ఇసుకను ఒకచోట కోసి మరొకచోట మేట వేస్తాయి. సింధుశాఖ మధ్యలో మలక్కా తిన్నెలని పిలిచే ఇసుక దిబ్బలు ఇప్పటికీ నావికులను భయపెడతాయి.

అందువల్ల పెద్ద ఓడ ఏదీ నేరుగా సూరత్ కోట దాకా వచ్చేది కాదు. ముఖద్వారంలోని ఇసుక మేట దాటలేక బయటే ఆగిపోయేది. సరుకు చిన్న పడవల్లోనో, ఎడ్ల బండ్ల మీదనో నగరం చేరేది. మొఘల్ సామ్రాజ్యపు ప్రధాన రేవు, హజ్ యాత్రికులు మక్కాకు ప్రయాణమైనందువల్ల ‘బందరే ముబారక్’ అన్న గౌరవం పొందిన నగరం, ఓడలు ఒడ్డుకు రాలేని రేవు కావడమే దాని వింత. మన మచిలీపట్నమూ అటువంటిదే. అక్కడా ఓడలు దూరాన లంగరు వేస్తే పడవలు సరుకు మోసేవి.

సువాలీ: ఇసుక వెనుక దాగిన లోతు

తాపీ ముఖద్వారానికి ఉత్తరాన తీరం వెంట సువాలీ గ్రామం ఉంది. ఒడ్డుకు సమాంతరంగా సముద్రంలో ఒక పొడవైన ఇసుక తిన్నె, ఆ తిన్నెకూ ఒడ్డుకూ మధ్య లోతైన నీటి పాయ. ఆటు సమయంలో తిన్నె బయటపడి అలలను అడ్డుకుంటుంది. లోపలి పాయలో ఓడ నిశ్చింతగా నిలవగలదు. ఆంగ్ల నావికులు దీనిని ‘స్వాలీ హోల్’ అన్నారు. సువాలీ వారి నోట స్వాలీగా మారింది. స్థానికుల ఉచ్చారణ విదేశీ పటాల్లో వంకర తిరగడం మనకు కొత్త కాదు, మచిలీపట్నం మసూలిపటామ్ అయినట్టే.

1608లో విలియం హాకిన్స్ నాయకత్వాన ‘హెక్టర్’ సూరత్‌కు వచ్చినప్పుడు ఈ పాయ ఆంగ్లేయులకు తెలియదు. 1611లో హెన్రీ మిడిల్టన్ నౌకాదళం దీని ఉపయోగం గుర్తించింది. మరుసటి సంవత్సరమే అది చరిత్రను తిప్పింది. 1612 నవంబరు చివరలో థామస్ బెస్ట్ తన ‘రెడ్ డ్రాగన్’, ‘హోసియాండర్’ ఓడలతో ఇక్కడ నాలుగు పోర్చుగీసు గాలియన్లను ఎదిరించాడు. పోర్చుగీసు ఓడలు పెద్దవి, నీటిలో లోతుగా దిగేవి. ఇరుకు పాయలో వాటి పరిమాణమే వాటికి శత్రువైంది. పోరులో కొన్ని ఇసుకలో దిగబడ్డాయి. ఫిరంగుల సంఖ్య కంటే నేల తీరు తెలిసి ఉండడం ఎక్కువగా పనిచేసింది. 1615 ఆరంభంలో నికొలస్ డౌన్‌టన్ ఇదే చోట పోర్చుగీసు వైస్రాయ్ స్వయంగా నడిపించిన దళాన్ని నిలువరించాడు. అదే ఏడాది సెప్టెంబరులో ఇంగ్లాండు రాజు దూతగా జహంగీర్ ఆస్థానానికి బయలుదేరిన సర్ థామస్ రో భారత నేల మీద అడుగుపెట్టింది ఈ తీరంలోనే.

భారతదేశంలో ఆంగ్లేయుల చరిత్రను ప్లాసీ నుంచి చెప్పడం అలవాటు. దానికి 145 ఏళ్ళ ముందు జరిగిన సువాలీ పోరును పాఠ్యపుస్తకాలు ఒక వాక్యంతో దాటవేస్తాయి. అది న్యాయం కాదు. మొఘల్ అధికారులు ఆంగ్లేయులను పోర్చుగీసులకు పోటీగా లెక్కించడం మొదలుపెట్టింది ఈ ఇసుక పాయలో వారు నిలబడ్డాకే.

ఇంతకీ ఆ పాయలోకి ప్రవేశించడం ఎలా? తీరం చదునుగా ఉంటుంది. కొండలు లేవు. భీమునిపట్నంలోనో, విశాఖలోని డాల్ఫిన్స్ నోస్ వద్దనో సముద్రం నుంచి చూసే నావికుడికి కొండే గుర్తు. ఇక్కడ మైళ్ళ కొద్దీ ఒకే తీరుగా సాగే పల్లపు ఒడ్డు, తాటిచెట్లు, మడ అడవులు మాత్రమే. అటువంటి చోట మనిషి కట్టిన ఏ ఎత్తైన కట్టడమైనా నావికుడికి వరమే. ఆ కట్టడాలు సమాధులయ్యాయి.

ఇద్దరి సమాధులు, రెండు గురుతులు

మొదటి సమాధి కాలినడక యాత్రికుడిది. 1611లో ‘క్రూడిటీస్’ అన్న యాత్రాగ్రంథంతో ఇంగ్లాండులో పేరు తెచ్చుకున్న టామ్ కోరియాట్ అలెప్పో నుంచి అజ్మీర్ దాకా నడిచి 1615లో భారతదేశం చేరాడు. పార్శీ భాష నేర్చుకొని జహంగీర్ ఎదుట ప్రసంగించి చక్రవర్తి విసిరిన వంద రూపాయలు అందుకున్నాడు. ఈ పని తన గౌరవానికి భంగమని రాయబారి రో చిరాకుపడ్డాడు. 1617 డిసెంబరులో సూరత్‌లో రక్తవిరేచనాలతో బాధపడుతూనే దేశస్థులు ఆదరంగా ఇచ్చిన మద్యం పుచ్చుకొని కోరియాట్ మరణించాడు. సువాలీ దారిలో రాజ్‌గరీ గ్రామం వద్ద గుమ్మటంతో ఉన్న ఒక కట్టడాన్ని సంప్రదాయం అతని సమాధిగా చెబుతుంది. దాని రూపం ముస్లిం సమాధి నిర్మాణాలను పోలి ఉంటుంది. బ్రిటిష్ నౌకాదళ పటాలు మాత్రం దానికి కోరియాట్ పేరే పెట్టి తీరపు గుర్తుగా చూపాయి. బతికినంతకాలం దారులు వెదికినవాడి పేరు మరణించాక దారి చూపే గుర్తుకు దక్కింది. ప్రస్తుతం అది భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ రక్షిత కట్టడాల జాబితాలో ఉంది.

రెండవది వాక్స్ సమాధి. కంపెనీ డైరెక్టర్లలో బలవంతుడైన సర్ జోసయా చైల్డ్ వద్ద లెక్కలు రాసే ఉద్యోగిగా మొదలైన వాక్స్, అతని అండతో భారతదేశంలో ఉన్నత పదవులకు ఎదిగాడు. అతనిని న్యాయాధికారిగా నియమించినప్పుడు ఇంగ్లాండు చట్టాలు కాక తన ఆజ్ఞలే అతనికి చట్టమని చైల్డ్ హితవు పలికినట్టు 18వ శతాబ్దపు నావికుడు అలెగ్జాండర్ హామిల్టన్ తన గ్రంథంలో నమోదు చేశాడు. కంపెనీ పాలన స్వభావం తెలుసుకోదలచినవారు ఈ ఒక్క సంఘటనను గుర్తుంచుకుంటే చాలు. ఆ వాక్స్ 1697లో తాపీలో పడవ బోల్తాపడి మునిగిపోయాడు. నదిలో ప్రాణం పోయినవాడి సమాధి ఆ నదీ ముఖద్వారంలోనే వెలసి, తరువాతి తరాల నావికులు మునగకుండా కాచింది.

పైగా హజీరా అన్న మాట అరబ్బీ, పార్శీ భాషల్లో ఆవరణను, ముఖ్యంగా సమాధుల చుట్టూ ఉండే ప్రాకారాన్ని సూచిస్తుంది. వడోదరలోని హజీరా మక్బరా పేరులో ఉన్నదీ అదే.

సూరత్‌లో విదేశీ వర్తకులు సమాధులను భవనాల వలె కట్టడం ఈ ఇద్దరితో ఆగలేదు. నగరంలోని ఆంగ్లేయుల శ్మశానవాటికలో 1669లో మరణించిన జార్జ్ ఆక్సెండెన్ సమాధి రెండంతస్తుల మంటపం. డచ్చివారి వాటికలో, మలబారు మొక్కల మీద ‘హోర్టస్ మలబారికస్’ అన్న మహాగ్రంథాన్ని వెలువరింపజేసిన హెండ్రిక్ వాన్ రీడ్ సమాధి అష్టకోణాకారంలో నిలుస్తుంది. మొఘల్ ప్రముఖులతో హోదాలో పోటీపడాలన్న తపన ఆ గుమ్మటాల్లో స్పష్టం. సముద్రతీరంలో అదే ఆడంబరానికి అనుకోని ప్రయోజనం కలిగింది.

పగటి గుర్తు నుంచి రాత్రి దీపానికి

సమాధి ఎంత ఎత్తైనదైనా పగటిపూటకే పనికొస్తుంది. మంచు కమ్మినా, చీకటి పడినా నావికుడికి అది లేనట్టే. తెల్లవారేదాకా బయట సముద్రంలో లంగరు వేసి నిలవాలి. ఈ తీరంలో వేగంగా మారే ప్రవాహాల నడుమ అలా నిలవడమూ ప్రమాదమే. ఆ కొరత తీర్చడానికే 19వ శతాబ్దంలో ఇదే ఉత్తరపు ఒడ్డున దీపస్తంభం లేచింది.

గుజరాతీలో దీనిని ‘దీవాదాండీ’ అంటారు. దీవా అంటే దీపం, దాండీ అంటే కర్ర. మన ‘దీపస్తంభం’ సంస్కృత గాంభీర్యంతో పుస్తకాల్లో ఉండిపోయింది. కోస్తా మత్స్యకారుల నోట మాత్రం అది ‘లైటౌసు’. గుజరాతీ మాటలో కర్రకు దీపం కట్టిన తొలి రూపం ఇంకా కనబడుతుంది. కార్తికంలో ధ్వజస్తంభం మీదకు లాగే ఆకాశదీపం చూసినవారికి ఆ రూపం ఊహించడం కష్టం కాదు.

దీపస్తంభం పని రెండు సూత్రాల మీద నడుస్తుంది. మొదటిది ఎత్తు. భూమి గుండ్రంగా ఉండటం వల్ల ఎంత ప్రకాశవంతమైన దీపమైనా కొంత దూరం తరువాత దిగంతం కిందికి పోతుంది. దీపం ఎత్తునూ, చూసేవాని కంటి ఎత్తునూ మీటర్లలో తీసుకొని, రెండింటి వర్గమూలాలను కూడి 2.08తో గుణిస్తే దీపం ఎన్ని నాటికల్ మైళ్ళ దూరం కనబడుతుందో తెలుస్తుంది. ఉదాహరణకు 36 మీటర్ల ఎత్తులో ఉన్న దీపాన్ని నీటికి 4 మీటర్ల ఎత్తున నిలిచిన సరంగు చూస్తే అది 16.6 నాటికల్ మైళ్ళు, అంటే సుమారు 31 కిలోమీటర్ల నుంచి కనబడుతుంది. చదునైన తీరంలో కొండ సాయం ఉండదు కనుక స్తంభాన్నే ఎత్తుగా కట్టక తప్పదు.

రెండవది కటకం. 1820లలో ఫ్రెంచి ఇంజినీరు ఆగస్టిన్ ఫ్రెనెల్ రూపొందించిన మెట్ల గాజు కటకం చిన్న దీపపు వెలుగును అన్ని వైపులా చెదిరిపోనీయక ఒకే దిశలోకి కూడగట్టింది. కటకాన్ని తిప్పినప్పుడు దూరాన ఉన్నవారికి దీపం మినుకుమంటుంది. ఎన్ని సెకన్లకు ఎన్ని మెరుపులన్నది ఒక్కో దీపస్తంభానికి ఒక్కో తీరుగా నిర్ణయిస్తారు. అదే దాని సంతకం. నావికుడు మెరుపులను లెక్కపెట్టి, దెహ్రాదూన్‌లోని జాతీయ జలవివరణ కార్యాలయం ప్రచురించే దీపాల జాబితాతో సరిచూసి, తాను ఏ తీరంలో ఉన్నాడో నిర్ధారించుకుంటాడు.

విచిత్రమేమంటే దీపం వచ్చేనాటికి దారి వెదుక్కొని వచ్చే పెద్ద ఓడలు తగ్గిపోయాయి. 1664లో, 1670లో శివాజీ దాడులు సూరత్ వర్తకులను కలవరపరిచాయి. 1687లో కంపెనీ తన పశ్చిమతీర ప్రధాన కేంద్రాన్ని బొంబాయికి మార్చింది. లోతైన సహజ రేవు ఉన్న బొంబాయితో పూడిపోతున్న తాపీ పోటీపడలేకపోయింది. స్వాలీ పాయ సైతం క్రమంగా ఇసుకతో నిండింది. ఒకనాడు ఫిరంగులు మోగిన చోట ఇవాళ సువాలీ బీచ్‌లో పిల్లలు ఆడుకుంటారు. గోదావరి మేటతో కోరింగ రేవు పూడిన కథ తెలిసిన తెలుగువారికి ఈ వరుస కొత్తగా అనిపించదు.

ఉపగ్రహాల కాలంలో

20వ శతాబ్దం చివరలో కథ మలుపు తిరిగింది. హజీరాలో ఎరువుల, ఉక్కు, వాయు పరిశ్రమలు వచ్చాయి. సముద్రపు అడుగు తవ్వి కాలువ లోతు చేస్తూ ఆధునిక రేవు కట్టారు. పాత నావికుడు ఇసుకను తప్పించుకున్నాడు, కొత్త ఇంజినీరు దానిని తోడిపోస్తున్నాడు. 2020 నవంబరు 8న ప్రారంభమైన ఘోఘా–హజీరా రో-పాక్స్ ఫెర్రీ 370 కిలోమీటర్ల రోడ్డు ప్రయాణాన్ని సుమారు 90 కిలోమీటర్ల సముద్ర మార్గానికి కుదించింది. ఒకనాడు యుద్ధనౌకలు తడబడిన నీళ్ళ మీదుగా ఇప్పుడు లారీలు దాటుతున్నాయి.

జీపీఎస్ ఉండగా దీపస్తంభం దేనికన్న ప్రశ్న సహజం. 2008లో బ్రిటన్ దీపస్తంభాల అధికారులు ఫ్లామ్‌బరో హెడ్ తీరంలో కావాలని జీపీఎస్ సంకేతాలను అడ్డగించి ఒక నౌకను నడిపి చూశారు. ఓడ తెర మీద స్థానం తప్పుగా కనబడింది, పలు పరికరాలు ఒకేసారి మొరాయించాయి. ఉపగ్రహ సంకేతాలకు ఎవరైనా అడ్డుతగలగలరని, కంటితో చూసే దీపానికి అది సాధ్యం కాదని నౌకాయాన నిపుణులు అప్పటినుంచి చెబుతూనే ఉన్నారు. ఇరుకు కాలువల్లో, ఇసుక తిన్నెల మధ్య ఆ రెండవ సాక్ష్యం విలువ ఇంకా ఎక్కువ.

చట్టమూ మారింది. 1927 నాటి లైట్‌హౌస్ చట్టం స్థానంలో 2021లో నౌకాయాన సహాయక సాధనాల చట్టం వచ్చింది. అది దీపస్తంభాలతోపాటు రాడార్, ఓడలను గుర్తించే ఎలక్ట్రానిక్ వ్యవస్థలు, నౌకల రాకపోకల పర్యవేక్షణ కేంద్రాలను కూడా పరిధిలోకి తెచ్చింది. ‘వారసత్వ దీపస్తంభం’ అన్న కొత్త నిర్వచనాన్నీ చేర్చింది. అలా గుర్తించిన వాటిని విద్య, సంస్కృతి, పర్యాటక ప్రయోజనాలకు అభివృద్ధి చేయవచ్చు. 2024 ఫిబ్రవరి 28న తూత్తుకుడిలో జరిగిన కార్యక్రమంలో ప్రధానమంత్రి దేశవ్యాప్తంగా 75 దీపస్తంభాల వద్ద పర్యాటక వసతులను ప్రారంభించారు.

అయితే తాపీ ముఖద్వారం వంటి చోట ఈ ఏర్పాట్లలో ఒక లోపం కనబడుతుంది. దీపస్తంభం నౌకాయాన శాఖది. కోరియాట్ సమాధి పురావస్తు శాఖది. దాని చుట్టూ 100 మీటర్ల దాకా నిర్మాణాలు నిషిద్ధం, ఆపై 200 మీటర్ల దాకా అనుమతితోనే. తీరం, మడ అడవులు పర్యావరణ నిబంధనల పరిధిలోకి వస్తాయి. రేవు, పరిశ్రమల సంగతి మరొకరు చూస్తారు. సముద్రం నుంచి చూసిన నావికుడికి ఇవన్నీ కలిసి ఒకే దృశ్యం; ఒడ్డు మీది దస్త్రాల్లో మాత్రం వేటికవే. సమాధిని కాపాడి, సముద్రం నుంచి అది కనబడే చూపును పోగొడితే అది మిగిలినా దాని అర్థం మిగలదు. వారసత్వ దీపస్తంభం అన్న మాటను దీపం లేని పాత గుర్తులకూ వర్తింపజేయడం ఇక్కడ సమంజసం.

తీరమూ స్థిరంగా లేదు. 1972లో పూర్తయిన ఉకాయ్ ఆనకట్ట తాపీ మట్టిలో పెద్ద భాగాన్ని జలాశయంలోనే ఆపుతోంది. మట్టి అందని నదీముఖం కోతకు లోబడటం ప్రపంచమంతటా కనిపించే పరిణామమే. ఉప్పాడలో ఇళ్ళు సముద్రంలో కలవడం చూసిన వారికి వేరే వివరణ అక్కరలేదు. రేవును పూడ్చిన మేట ఒకప్పటి సమస్య, మేట రాకపోవడం ఇప్పటిది.

రాత్రివేళ హజీరాకు వచ్చే ఓడకు మరో చిక్కు ఎదురవుతుంది. ఒకప్పుడు చీకటి తీరంలో ఉన్నది ఒక్క దీపమే. ఇప్పుడు కర్మాగారాల ఫ్లడ్‌లైట్లు, చిమ్నీల మీది ఎర్రదీపాలు, గ్యాస్ మంటలు, క్రేన్ల వెలుగులు కలిసి ఒడ్డంతా ఒకే కాంతిరేఖ. దీనిని నౌకాయాన పరిభాషలో నేపథ్య కాంతి సమస్య అంటారు. అంత వెలుగులో దీపస్తంభాన్ని పట్టుకోవడానికి నావికుడికి మిగిలిన ఉపాయం, రెండు మెరుపుల మధ్య చీకటి ఎన్ని సెకన్లో గడియారంతో లెక్కపెట్టడమే.